నెల్లూరులో మేము, చెన్నైలో చేపలు

మూడేళ్ళ కిందట మే నెలలో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి నెల్లూరు వెళ్ళి, నాలుగో రోజు రాత్రి చెన్నై పెరంబూర్‌లో మా ఇంటి తలుపు తీశాం. లోపలి గాలి ఆవిరిలా మొహానికి కొట్టింది. వంటగదిలో మైక్రోవేవ్ గడియారం సున్నాల దగ్గర మిణుకుమంటోంది. అంటే మేం లేనప్పుడు కరెంటు పోయి వచ్చింది. హాల్లో చేపల తొట్టి దగ్గరికి వెళ్ళేసరికి రెండు ఏంజెల్ చేపలు, అరడజను నియాన్ టెట్రాలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగిలినవి నీటి పైన నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. థర్మామీటర్ 34 డిగ్రీలు చూపిస్తోంది.

పోయాయన్న బాధ ఒకటి, ఎప్పుడు పోయాయో తెలియదన్న చిరాకు ఒకటి. కరెంటు పది నిమిషాలు పోయిందా, పది గంటలు పోయిందా? ఎయిర్ పంపు ఎంతసేపు ఆగింది? చెప్పేవాళ్ళు లేరు.

కొళత్తూరులో నేను చేపలు కొనే దుకాణంలో అన్న అరవం కలిసిన తెలుగులో మాట్లాడతాడు. సంగతి విని, "వేడి ఒకటే కాదు సార్, గాలి లేక పోయినాయి" అన్నాడు. ఆ మాట నిజమే. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 8 మిల్లీగ్రాములకు కాస్త పైన ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 34 దగ్గర 7 పట్టుకోవడమే గగనం. పైగా వేడెక్కేకొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఫిల్టర్‌లో అమ్మోనియాను తినే బాక్టీరియాకూ ఆ ఆక్సిజనే కావాలి. వేడెక్కిన నీళ్ళలో గాలి బుడగలు ఆగిపోతే లెక్క త్వరగా తప్పుతుంది. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ఎంతని అడిగితే, అతను చెప్పిన ధర మా తొట్టి, స్టాండు, చేపలు అన్నీ కలిపిన ఖర్చుకు నాలుగింతలు.

నేను చెన్నైలోని ఓఎంఆర్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాను. కోడు రాయడం వచ్చు. వైర్లు కలపడం మాత్రం ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌తోనే ఆగిపోయింది. అయినా తొట్టి వేడిని కనిపెట్టి ఫ్యాన్లు తిప్పే పరికరం నేనే చేసుకుందామని, ఒక శనివారం మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళాను. ఆ సందులో అడుగు పెడితే ఏది కావాలో మర్చిపోయి, అక్కర్లేనివన్నీ కొనుక్కుని వస్తాం. నేనూ అంతే. పనికొచ్చినవాటి ఖర్చు చెప్తాను: కోడు నడిపే బుల్లి కంప్యూటర్ లాంటి ఈఎస్పీ32 బోర్డు 450, నీళ్ళలో ముంచే డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సార్లు రెండు 240, బోర్డు చెప్పినట్టు కరెంటు కలిపి, తెంపే స్విచ్ లాంటి రిలే మాడ్యూల్ 180, కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు 500, అడాప్టర్ 250, 12 వోల్టులను 5 వోల్టులకు దించే చిన్న బోర్డు 80, నీటి మట్టంతో పైకీ కిందికీ కదిలే ఫ్లోట్ స్విచ్ 90, బుల్లి నీటి పంపు 200, డబ్బా, వైర్లు మరో 200. మొత్తం 2190 రూపాయలు. పనికిరానిదాని ఖర్చు తర్వాత చెప్తాను.

మొదటి సాయంత్రమంతా బోర్డు ఆన్ కాకపోవడంతోనే గడిచింది. రిలే వైరు పీకితే ఆన్ అవుతుంది, పెడితే చచ్చిపోతుంది. రాత్రి పదకొండింటికి తెలిసింది: నేను వాడింది 12వ నంబరు పిన్ను. ఈఎస్పీ32 లేచేటప్పుడు ఆ పిన్ను మీద వోల్టేజీ ఉంటే, తన మెమరీ చిప్పుకు 3.3 వోల్టులకు బదులు 1.8 ఇవ్వాలేమో అనుకుంటుంది. రిలే మాడ్యూల్ ఆ పిన్నును పైకి లాగుతోంది. వైరు తీసి 26కి మార్చాను, అంతే. 0, 2, 12, 15 పిన్నుల జోలికి వెళ్ళకపోతే సగం తలనొప్పి తగ్గుతుంది.

సెన్సార్లు రెండు ఎందుకు కొన్నావని మా ఆవిడ అడిగింది. గ్లాసులో ఐసు దంచి, కాస్త నీళ్ళు పోసి రెండింటినీ ముంచి చూపించాను. కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీలు. ఒకటి 0.3 చూపించింది, రెండోది 1.9. అసలు చిప్పుకు అర డిగ్రీకి మించి తేడా రాకూడదు, అంటే రెండోది నకిలీ సరుకు అయ్యుండాలి. దాన్ని మార్చుకోవడానికి మళ్ళీ రిచీ స్ట్రీట్. మళ్ళీ అక్కర్లేనివి కొన్నాను.

ఫ్యాన్లు నీటి ఉపరితలం మీదుగా గాలి విసిరితే నీళ్ళు ఆవిరై చల్లబడతాయి. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. 29 దాటితే ఫ్యాన్లు తిరగాలి, 28.3కి దిగితే ఆగాలి. మధ్యలో ఆ కాస్త ఎడం పెట్టకపోతే రిలే నిమిషానికోసారి టక్‌టక్‌మంటూ నిద్ర పట్టనివ్వదు. అగ్ని నక్షత్రం అని ఇక్కడ పిలిచే మండుటెండల రోజుల్లో మధ్యాహ్నం 32.5 ఉండే నీళ్ళు 29.8కి వచ్చాయి. సముద్రపు గాలి తేమ తెచ్చే సాయంత్రాల్లో మాత్రం ఒక డిగ్రీ దిగడమే కష్టం. చెన్నైలో దీన్నుంచి అంతకు మించి ఆశించకూడదు.

లైటుకి టైమర్ పెట్టాను. ఉదయం 9కి వెలగాల్సింది మధ్యాహ్నం రెండున్నరకు వెలిగింది. బోర్డు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకున్న సమయం లండన్ గ్రీనిచ్‌ది. మనకు అయిదున్నర గంటలు, అంటే 19800 సెకన్లు కలపాలి. ఆఫీసులో ఇదే తప్పు చేసిన కుర్రాడికి ఒకప్పుడు క్లాసు పీకాను.

ఒక రాత్రి రెండున్నరకు ఫోన్‌లో టెలిగ్రామ్‌కి బోర్డు పంపిన మెసేజ్: "నీటి ఉష్ణోగ్రత 85." గుండె ఆగినంత పనైంది. పరుగెత్తుకొచ్చి తొట్టిలో వేలు పెట్టాను, చల్లగానే ఉంది. చేపలు నన్ను వింతగా చూశాయి. డీఎస్18బీ20కి కరెంటు తెగి వచ్చిన వెంటనే, అది కొలవకముందే అడిగితే చెప్పే అంకె 85. ఫ్యాన్ మొదలైనప్పుడల్లా వోల్టేజీ కాస్త పడిపోయి సెన్సార్ తిరిగి లేస్తోంది. వైరు ఊడితే, సెన్సార్‌ను చదవడానికి వాడే రెడీమేడ్ కోడు (లైబ్రరీ) ఇచ్చే అంకె మైనస్ 127. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే నా కోడు ఆ అంకెను నమ్మి, "అబ్బో చలి" అని ఫ్యాన్లు ఆపేస్తుంది.

అక్కడి నుంచి కోడు రాసే పద్ధతి మారింది. అప్పటిదాకా ప్రతి భాగాన్నీ "ఇది ఏం చేయాలి" అని ఆలోచించాను. ఆ రాత్రి కాగితం తీసి, "ఇది చెడిపోతే చేపకేమవుతుంది" అని ఒక్కొక్కదాని పక్కన రాసుకున్నాను. 15కి తక్కువ, 45కి ఎక్కువ వచ్చిన అంకెల్ని పారేయాలి. అయిదు నిమిషాలు సరైన అంకె రాకపోతే ఫ్యాన్లు తిరుగుతూనే ఉండాలి. ఫిల్టర్‌ను రిలేకి కలపనే కూడదు. ఎయిర్ పంపును నీళ్ళు మార్చేటప్పుడు ఆపడానికి రిలేకి కలిపాను కానీ, రిలేకి కరెంటు లేనప్పుడు కలిసి ఉండే కొస వాడాను. బోర్డు చచ్చినా బుడగలు వస్తాయి. 230 వోల్టుల పనులు ఎలక్ట్రీషియన్ చేతే చేయించాను. అప్పుడే, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను. నీళ్ళలో చెయ్యి పెట్టేది మా పాప కూడా.

ఆ ఎలక్ట్రీషియనే అడిగాడు, "ఈ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో లేదు, కావాలనే వదిలేశారా సార్?" అని. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ఫ్యాన్లు, లైట్లు, రౌటర్ దాని మీదే. తొట్టి ప్లగ్గు మాత్రం కాదు. మూడొందలు తీసుకుని గంటలో మార్చేశాడు. ముందే ఉంటే ఆ వేసవిలో మా చేపల్ని కాపాడి ఉండేది ఆ వైరు ముక్కే. నా బోర్డు గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ సంగతి దాచేస్తుంటాను.

ఇక నత్త కథ. ఫ్యాన్ల వల్ల రోజుకు రెండు, మూడు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి కాబట్టి బోరు నీళ్ళు పోస్తూ పోతే నీళ్ళ కఠినత్వం పెరుగుతుంది. అందుకని పక్కన 20 లీటర్ల బక్కెట్‌లో ఆర్వో నీళ్ళు పెట్టి, మట్టం తగ్గితే ఫ్లోట్ స్విచ్ చెప్పగానే పంపు నింపేలా చేశాను. పది రోజులు అద్భుతంగా నడిచింది. పదకొండో రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి హాలంతా నీళ్ళు, మా ఆవిడ చేతిలో తుడిచే గుడ్డ. మొక్కలతో పాటు వచ్చిన గోరంత నత్త ఒకటి ఫ్లోట్ కదిలే కడ్డీకి కరుచుకుంది. ఫ్లోట్ పైకి లేవలేదు. పంపు దాని మాట నమ్మి బక్కెట్ మొత్తం తొట్టిలోకి తోడేసింది.

"నత్తకు కూడా కోడు రాశావా?" అంది మా ఆవిడ. మర్నాడు రాశాను. పంపు ఒకసారికి 40 సెకన్లకు మించి తిరగదు, ఆరు గంటలకు ఒక్కసారే తిరుగుతుంది. ఫ్లోట్ చుట్టూ పాత ఫిల్టర్ జాలీ చుట్టాను. అన్నిటికన్నా ముఖ్యంగా బక్కెట్ తీసేసి అయిదు లీటర్ల క్యాన్ పెట్టాను. కోడు తప్పినా, స్విచ్ తప్పినా, అయిదు లీటర్లకు మించి నేల మీదికి రావు.

పనికిరానివి రెండు. నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ సెన్సార్ 1400 పోసి కొన్నాను. పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచేసి ముంచితే, ఫిల్టర్ ఆగి ఉన్నప్పుడు 7.4, తిరిగేటప్పుడు 6.8. నీళ్ళలో ఇంకో కరెంటు పరికరం ఉంటే దాని లెక్క చెదిరిపోతుందట. పైగా దాని మొన ఎండిపోకుండా చూడాలి, తరచూ సరిచేయాలి, ఏడాదో రెండేళ్ళో అయ్యాక మార్చాలి. బీరువాలో పడేశాను. వారానికోసారి చుక్కల మందు కలిపి రంగు చూస్తున్నాను, అమ్మోనియాకూ అంతే. రెండోది మేత వేసే యంత్రం. మన తేమకు పొడి మేత ముద్దకట్టి, మూడు రోజులు ఏమీ వేయక, నాలుగో రోజు అంతా ఒకేసారి పడేసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగు రోజులు తినకపోయినా ఏం కావు. కుళ్ళిన మేత మాత్రం చంపుతుంది.

చివరికి మిగిలింది, మొదట్లో నన్ను చిరాకుపెట్టిన ప్రశ్న: నేను ఊళ్ళో లేనప్పుడు ఏం జరిగిందో తెలియడం. బోర్డుకు కరెంటు పోతే "కరెంటు పోయింది" అని అది చెప్పలేదు కదా. అందుకే తిప్పి ఆలోచించాను. బోర్డు ప్రతి గంటకూ గూగుల్ షీట్‌లో ఒక వరుస రాస్తుంది: సమయం, ఉష్ణోగ్రత, మట్టం. గూగుల్‌లోనే నడిచే చిన్న స్క్రిప్టు ఆ షీటు చూసి, గంటన్నరగా కొత్త వరుస లేకపోతే నాకు మెయిల్ పంపుతుంది. ఫ్యాన్, పంపు నిర్ణయాలు మాత్రం ఇంటర్నెట్‌తో పని లేకుండా బోర్డే తీసుకుంటుంది.

పోయిన మే చివర్లో, రోహిణి కార్తెలో, బావమరిది గృహప్రవేశానికి మళ్ళీ నెల్లూరు వెళ్ళాం. రెండో రోజు భోజనాల దగ్గర మెయిల్ వచ్చింది: "90 నిమిషాలుగా కబురు లేదు." చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అమ్మ చూసి, "ఏంది అబ్బయ్యా, ఆఫీసా?" అంది. "కాదమ్మా, చేపలు" అన్నాను. తాళం చెవి ఇచ్చి వచ్చిన ఎదురింటి మామికి ఫోన్ చేశాను. ఆవిడ వెళ్ళి వీడియో కాల్ పెట్టింది. బుడగలు వస్తున్నాయి, రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, ఏంజెల్ చేపలు అద్దం దగ్గరికొచ్చి ఆవిడ ఫోను వైపు చూస్తున్నాయి. కరెంటు ఉంది. రౌటర్ మీద మాత్రం ఎర్ర లైటు.

ఇంటర్నెట్ బిల్లు కట్టడం మర్చిపోయాను. ఆకు ముందే కూర్చుని ఎడమచేత్తో కట్టాను. పెరుగన్నంలోకి వచ్చేసరికి షీట్‌లో కొత్త వరుస పడింది: 29.4, మట్టం సరి.