ఓవెన్‌లో గుమ్మడికాయలు, మాడిన బెల్లం

సెప్టెంబరు 28

ఓహాయో వచ్చి ఇది నాలుగో ఏడు. మొదటి మూడేళ్లూ సంతలో ఈ రకరకాల గుమ్మడికాయల గుట్టలు చూసి, గుమ్మం ముందు అలంకారానికేమో అనుకుని పక్కనుంచి నడిచిపోయాను. ఈ శనివారం మాత్రం సంచీ బరువెక్కింది. రెండు ఏకార్న్, ఒక బటర్‌నట్, మూడు కబోచా. ఏకార్న్ ముదురాకుపచ్చ రంగులో, నిలువు గాడులతో, పీచు తీసిన కొబ్బరికాయంత ఉంటుంది. బటర్‌నట్ సొరబుర్రకు మెడ లావెక్కినట్టు ఉంటుంది, రంగు లేత గోధుమ. కబోచా చూడ్డానికి మన గుమ్మడి పిల్లలా ఉంటుంది కానీ తొక్క రాయి.

వీటన్నిటినీ కలిపి వింటర్ స్క్వాష్ అంటారు. కాసేది వేసవిలోనే, కోసేది గట్టి చలి రాకముందే. తొక్క ముదిరి చలికాలంలోకి నిలవ ఉంటాయి కాబట్టి ఆ పేరు. బటర్‌నట్ మన తీపి గుమ్మడికి స్వయానా చుట్టం, రెండూ మోస్కాటా జాతే. బూడిద గుమ్మడికి మాత్రం వీటితో పేరులో తప్ప పెద్ద దగ్గరితనం లేదు.

అమ్మకు ఫోన్ చేసి చెబితే మొదటి మాట, "అల్లుడిచేత ఓ దెబ్బ వేయించు, తర్వాత నువ్వు తరుక్కో." గుమ్మడికాయను ఆడవాళ్లు మొదట కొయ్యకూడదన్నది మా ఇంటి పాత పట్టింపు. మా ఆయన ఆఫీసు మీటింగులో ఉండి, హెడ్‌సెట్ తియ్యకుండానే వచ్చి కత్తి దింపి వెళ్లారు. నిజానికి ఆ మొదటి దెబ్బకే బలం కావాలి. ఆచారం ఎందుకు పుట్టిందో ఏకార్న్ కోస్తుంటే కొంచెం అర్థమైంది.

వంట పద్ధతి పక్కింటి పెద్దావిడ చెప్పింది. కాయను రెండు చెక్కలు చేసి, గింజలు గీకేసి, గుంటలో వెన్న, బ్రౌన్ షుగర్ వేసి 400లో గంట. (మా ఓవెన్ ఫారన్‌హీట్‌లో ఉంటుంది. 400 అంటే 205 సెల్సియస్, 425 అంటే 220.) నేను వెన్న బదులు నెయ్యి, చక్కెర బదులు బెల్లం వేశాను, చెక్కకు రెండు టేబుల్‌స్పూన్లు. చెక్కలు ట్రే మీద దొర్లాయి. గుంటలో కరిగిన బెల్లం ఒలికి, ట్రేకి అంటుకుని, నల్లగా మాడి, ఇల్లంతా పొగ. స్మోక్ అలారం మోగింది. మా వాడు చెవులు మూసుకుని కూర్చున్నాడు.

తిన్నాం. పైన పాయసం, కింద చప్పిడి.

నేర్చుకున్నది ఒక్కటే. చెక్క అడుగున పల్చగా ఒక ముక్క కోసి చదును చేస్తే దొర్లదు. చిల్లు పడేంత లోతుగా కొయ్యొద్దు.

అక్టోబరు 5

బటర్‌నట్. కాయ కిలో మూడు వందలు, చెక్కు తీసి గింజలు తీశాక కిలో నలభై గ్రాములు.

చెక్కు తీసిన పది నిమిషాలకి ఎడమ అరచెయ్యి బిగుసుకుపోయింది. చిన్నప్పుడు చేతికి ఫెవికాల్ పూసుకుని ఆరబెట్టుకుని పొర లాగేవాళ్లం చూడండి, అచ్చం అలా. సబ్బుకి పోలేదు. పచ్చి బటర్‌నట్ తొక్క కింద నుంచి ఊరే జిగురు కొందరి చర్మానికి పడదట. సాయంత్రానికి దానంతటదే తగ్గింది. ఇకమీదట గ్లవ్స్, లేదా చేతికి నూనె.

అంగుళం ముక్కలు కోసి, నాలుగు టేబుల్‌స్పూన్ల తురిమిన బెల్లం, రెండు టేబుల్‌స్పూన్ల నెయ్యి, దాల్చినచెక్క పొడి, ఉప్పు వేసి కలిపాను. అన్నీ ఒకే ట్రేలో కుక్కి 425లో 35 నిమిషాలు. ఫలితం ఘోరం. కలిపిన ఐదు నిమిషాలకే బెల్లం, ఉప్పు కలిసి ముక్కల్లోంచి నీళ్లు లాగేశాయి. ఆ నీళ్లలో ముక్కలు ఉడికాయి తప్ప వేగలేదు. నీళ్లు ఇగిరాక బెల్లం ట్రే మూలలకు చేరి బొగ్గైంది.

ఎందుకో కాస్త చదివాను. మామూలు చక్కెర 160 సెల్సియస్ దాటాక రంగు మారడం మొదలెడుతుంది. బెల్లంలో చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి, ఫ్రక్టోజుకి 110 చాలు. అలాంటిదాన్ని 220లో అరగంట ఉంచితే మాడక ఏమవుతుంది? అరిసెల పాకం దగ్గర రెప్ప వెయ్యకుండా నిలబడే మనిషిని, ఓవెన్ తలుపు వేసేసరికి ఆ తెలివంతా ఎక్కడికి పోయిందో.

ట్రే వేడినీళ్లు, వంటసోడా వేసి రాత్రంతా నానబెడితే పొద్దున్న ఊడి వచ్చింది. ఇకమీదట ట్రేకి అంటుకోకుండా కింద పరిచే పార్చ్‌మెంట్ పేపర్ లేకుండా మొదలుపెట్టను. పక్కనే అమ్మే మైనం కాగితం వేరు. అది ఓవెన్‌లో పెట్టేది కాదు.

అదే వేడిలో కబోచా ఒకటి కూడా వేయించాను. పొడిపొడిగా, గొంతు పట్టేలా ఉంది. మిగతా రెండూ బేస్‌మెంటులో పెట్టేశాను.

అక్టోబరు 12, దసరా

ఇవాళ కుదిరింది. కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మళ్లీ బటర్‌నట్, దాదాపు అంతే బరువు. రెండు ట్రేలు, ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టేంత సందు. మొదట నెయ్యి రెండు టేబుల్‌స్పూన్లు, అర టీస్పూన్ ఉప్పు, అంతే. 425లో 25 నిమిషాలు. మధ్యలో ఒకసారి ట్రేల చోటు మార్చాను, కింద ట్రే ముందు మాడుతుంది. 25 నిమిషాలకు ముక్కల అడుగు గోధుమరంగు తిరిగింది. తిరగేశాను.

ఈలోపు పొయ్యి మీద రెండు టేబుల్‌స్పూన్ల బెల్లం, ఒక స్పూను నీళ్లు వేసి కరిగించి వడకట్టాను. ఇండియన్ స్టోరు బెల్లంలో ఇసుక నలుసులు వస్తాయి, వడకట్టకపోతే పంటికింద పడతాయి. పాకం రానక్కర్లేదు, కరిగితే చాలు. అందులో స్పూను నెయ్యి కలిపి, బ్రష్‌తో ముక్కల మీద పూసి, మళ్లీ లోపల పెట్టాను. సరిగ్గా తొమ్మిది నిమిషాలు. తలుపు ముందే నిలబడ్డాను.

అంచులు జీళ్లపాకంలా మెరిశాయి, లోపల మెత్తన. తూకం వేస్తే 1,040 గ్రాముల ముక్కలు, బెల్లం నెయ్యితో కలిపి 660 అయ్యాయి. పోయింది చాలావరకు నీరే, తీపి అక్కడే ఉండిపోయింది. బెల్లం పూయకముందు ఒక ముక్క తిని చూశాను, చిలగడదుంపకు ఏమీ తీసిపోదు. ఇన్నాళ్లూ తీపి నేను వెయ్యాలనుకున్నాను. నేను చెయ్యాల్సింది నీళ్లు పోగొట్టడం. వచ్చేసారి బెల్లం ఒక్క స్పూనే.

అక్టోబరు 31

దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి. గుమ్మంలో ఒకపక్క ప్రమిదలు, ఒకపక్క మా వాడు చెక్కిన గుమ్మడికాయ మొహం. చాక్లెట్లకొచ్చిన పిల్లలు ప్రమిదల దగ్గర కూడా ఆగి చూశారు. చెక్కగా తీసిన గుజ్జు పారెయ్యలేక వేయించాను. పీచు, నీళ్లు, రుచీ పచీ లేదు. చెక్కడానికి పెంచే కాయ చెక్కడానికే. గింజలు మాత్రం కడిగి, బాగా ఆరబెట్టి, ఉప్పు కారం పట్టించి 325లో 20 నిమిషాలు వేయిస్తే మంచి కాలక్షేపం.

నవంబరు 9

రెండు సంగతులు. మొదటిది సిగ్గుచేటు. ఏడు డాలర్ల ఓవెన్ థర్మామీటరు కొని లోపల వేలాడదీస్తే, 425 పెట్టినప్పుడు 400 దగ్గరే ఆగింది. అంటే పైన నేను రాసిన 425 అంతా నిజానికి 400. మీ ఓవెన్ నిజాయితీగలదైతే 400 పెట్టుకోండి.

రెండోది, మసాలాల పోటీ. ట్రేని నాలుగు భాగాలు చేసి దాల్చినచెక్క, ఏలకులు, జాజికాయ, శొంఠి మిరియం విడివిడిగా వేశాను. దాల్చినచెక్క బాగుంది, కానీ ఈ దేశంలో అక్టోబరు నుంచి కాఫీ దగ్గర్నుంచి కొవ్వొత్తి దాకా అదే వాసన, నాకు మొహం మొత్తింది. జాజికాయ చిటికెకి మించితే చేదు. ఏలకుల పొడి ముందే వేస్తే వాసన ఓవెన్ పాలు. దింపాక చల్లాలి. శొంఠి మిరియం బెల్లంతో కలిసేసరికి శ్రీరామనవమి పానకం గుర్తొచ్చింది. ఇంట్లో ముగ్గురి ఓటూ దానికే. కిలో ముక్కలకి అర టీస్పూన్ శొంఠి, పావు టీస్పూన్ మిరియాల పొడి, కరిగిన బెల్లంలోనే కలిపెయ్యాలి.

తాటిబెల్లం కూడా వేసి చూశాను. రుచి గంభీరంగా ఉంది. చిక్కేమిటంటే అది ముందే నల్లన, మాడిందో లేదో కంటికి తెలియదు, ముక్కుతో పట్టుకోవాలి. మేపుల్ సిరప్ ఏకార్న్‌కి బాగా నప్పింది. నలభై లీటర్ల చెట్టు నీరు కాస్తే ఒక లీటరు సిరప్ అవుతుందట, ఆ ధర ఊరికే పెట్టలేదు. దాన్ని ఒలకబోసే ధైర్యం లేక స్పూనుతో కొలిచి వేశాను.

మా ఆయన తిని, "బాగుంది. చింతపండు ఏది?" అన్నారు. దప్పళం తిన్న నాలుక. చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆ లోటు సగం తీరింది.

నవంబరు 28, థాంక్స్‌గివింగ్

పక్కింటి పెద్దావిడ పండగ భోజనానికి పిలిచింది. ఏకార్న్ తొక్కతోనే అరంగుళం చక్రాలుగా కోశాను. ఆ గాడుల్లో చెక్కు తియ్యడం మన తరం కాదు. 400లో (ఇది థర్మామీటరు చెప్పిన 400) 20 నిమిషాలు, తిప్పి, శొంఠి బెల్లం పూసి మరో 8. ట్రే చల్లారబెట్టి స్నానం చేసి వచ్చేసరికి నాలుగు చక్రాలు తక్కువ. నేను నోరు తెరవకముందే మా వాడు "నేను కాదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటారే, కళ్లారా చూశాను.

పెద్దావిడ రెండుసార్లు వడ్డించుకుంది. శొంఠి అంటే ఎండబెట్టిన అల్లమేనని చెబితే, తన అల్లం బిస్కెట్ల డబ్బా తెచ్చి చూపించింది.

డిసెంబరు 14

హైదరాబాదులో తమ్ముడు రైతుబజారు తీపి గుమ్మడితో ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ప్రయత్నించాడు. పై అరలో పెట్టి, కాయిల్ తగిలినంత పనై, పైన మాడి లోపల పచ్చి. నడిమి అరలోకి దించి, 200 సెల్సియస్‌లో ముక్కలు తక్కువ వేసి పెడితే 30 నిమిషాలకు వచ్చిందట. అక్కడి కాయలో నీరు కాస్త ఎక్కువ, ముక్క మందంగా కొయ్యాలంటున్నాడు.

నేను బేస్‌మెంటుకి వెళ్లాను. అక్కడ చలి 55 ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. సెప్టెంబరులో దాచిన రెండో ఏకార్న్ నారింజరంగుకి తిరిగి, లోపలంతా పీచు. అది నెల, నెలన్నర కాయ. అంతకంటే దాచకూడదు. కబోచా మాత్రం తొడిమ ఎండి చక్కగా ఉంది. చాకుతో నాలుగుచోట్ల పొడిచి మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు పెడితే కత్తి దిగింది, ఈసారి ఎవరినీ పిలవలేదు. తొక్కతోనే నెలవంక ముక్కలు, నెయ్యి, ఉప్పు, శొంఠి. 400లో 30 నిమిషాలు. బెల్లం అసలు వెయ్యలేదు.

అక్టోబరులో గొంతు పట్టింది ఈ సంతలో కొన్న కాయేనా అనిపించింది. నిలవలో పిండి కొంత చక్కెరగా మారుతుంది, పదకొండు వారాలు ఆగినందుకు దక్కిన తీపి అది. ఉడికించిన చెస్ట్‌నట్‌లా పొడిగా, తియ్యగా ఉంది. తొక్క కూడా తినేశాం.

ఇంకో కబోచా ఉంది. దాన్ని ఓవెన్ దగ్గరికి తేవద్దని, కనుమకి దప్పళంలోకే వెయ్యమని మా ఆయన దాని మీద స్కెచ్ పెన్‌తో తేదీ రాసి పెట్టారు.