చేదు గింజ నోట్లో పడితే

పోయిన వారం ఊరికి పోయినప్పుడు అమ్మ వసారాలో చాట ముందరేసుకుని చెనక్కాయ గింజలు ఏరుతాంది. అనంతపురం మనిషికి చెనక్కాయలు కనపడితే చెయ్యి ఊరుకోదు కదా, నేనూ పక్కన కూచుని మాటల్లో పడి గుప్పెడు నోట్లో ఏసుకున్యా, అందులో ఒకటి చేదు. "ఉమ్మెయ్ రా, మింగాకు" అని అమ్మ ఒకటే అరుపు. ఉమ్మేసి పుక్కిలించినా గొంతులో ఆ చేదు చానాసేపు పోలేదు.

ఇట్లా చేదెక్కిన, నల్లబడి ముడుచుకుపోయిన గింజల్లో బూజు ఉండొచ్చు, ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లటాక్సిన్. కాయ ఊరే టైములో వాన ఎగ్గొట్టి చేను బెట్టకొస్తే భూమిలో ఉండంగనే పట్టుకుంటాది, పీకినాక తడిస్తే ఇంక చెప్పేపనే లేదు. మన జిల్లాలో బెట్ట ఎప్పుడు లేదు గాని! వేయించినా మొత్తం పోదు. చేదు లేనిదంతా మంచిదని కూడా అనుకోవద్దు, చూడ్డానికి నిగనిగలాడే గింజలో కూడా ఉండొచ్చు.

నాకు తమాషాగా అనిపించింది ఇంకొకటి. హైదరాబాదులో ఇప్పుడు ఎన్ఐఎన్, అదే జాతీయ పోషకాహార సంస్థ అంటాం కదా, ఆ ల్యాబులో 1960లలో మాధవన్, గోపాలన్ అని ఇద్దరు ఎలకలకి ఈ విషం పెట్టి చూసినారు, కొన్నిటికి తిండిలో ప్రోటీన్ 5 శాతం, కొన్నిటికి 20 శాతం. ప్రోటీన్ తక్కువ తిన్నవాటికి లివరు తొందరగా పాడైపాయ. సరే, బాగా తింటే తట్టుకుంటాం అనుకుంటాం కదా, కానీ 1968లో వాళ్ళు రాసింది చూస్తే చానా నెలలు పెట్టినప్పుడు లివర్లో క్యాన్సర్ గడ్డలు లేచింది బాగా తిన్న ఎలకలకే. ఎందుకంటే ఈ విషాన్ని ఇంకా చెడ్డదానిగా మార్చేది లివర్లోని ఎంజైములే, దాన్ని పట్టి బయటికి తోసే గ్లుటాతియోన్ అనే పదార్థం తయారయ్యేదీ ఆ లివర్లోనే, రెండిటికీ ప్రోటీనే కావాల. అంటే పప్పు, గుడ్డు తింటాండాం కదా అని బూజు గింజలు తినొచ్చు అనుకుంటే కుదరదు, పప్పు మానేస్తే మంచిదనీ కాదు.

తిండికీ విషానికీ ఇట్లాంటి లంకె మా ఇంట్లోనే ఇంకొకటి చూసినా. మా జేజికి మోకాళ్ళు వంగేవి కాదు, పళ్ళ మీద పసుపు చారలు. బోరు నీళ్ళ ఫ్లోరైడ్ అని తర్వాత తెలిసింది. నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. 1990లలో సత్యసాయి ట్రస్టు పైపులు ఏసినాకనే మా పక్క చానా ఊర్లకి మంచి నీళ్ళు చూసే యోగం పట్టింది. జేజి మాత్రం రోజూ రాగి సంగటి, చింతపండు పులుసు. రాగుల్లో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం, కాల్షియం ఉంటే కడుపులో ఫ్లోరైడ్ కొంత దానికి పట్టుకుని ఒంటికి ఎక్కకుండా పోతాది. చింతపండు సంగతి కూడా ఎన్ఐఎన్ వాళ్ళే చూసినారు, బడి పిల్లోళ్ళకి రోజుకి 10 గ్రాములు 18 రోజులు పెడితే ఒంటేలులో ఫ్లోరైడ్ ఎక్కువ పోయిందని 2002లో రాసినారు. జేజికి ఇదంతా తెలీదు, పులుసు లేకుంటే ముద్ద దిగదు, అంతే. మోకాళ్ళు మటుకు సరి కాలేదు. నీళ్ళు మారకుండా పులుసు ఎంతని లాగుతాది పాపం.

చేనుకి పురుగుల మందు కొట్టొచ్చి గ్లాసుడు పాలు తాగితే ఆ విషం విరిగిపోతాదనే మాట కూడా మా ఊళ్ళో ఉంది, మా నాయన ఇప్పటికీ నమ్ముతాడు. ఆ మందు చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతాది నాయనా, పాలేం చేస్తాయి, చొక్కా విప్పేసి సబ్బుతో రుద్దుకో ముందు అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి.

ఏరినాక చాటలో చెడ్డవి దోసెడు మిగిలినాయి. అమ్మ కోళ్ళకి ఏద్దామని లేచింది. వద్దుమా, 1960లో ఇంగ్లండులో ఈ చెనక్కాయ పిండి తిని లక్ష టర్కీ కోళ్ళు చచ్చినాకనే ఈ విషం కనిపెట్టినారు అన్యా. "అయితే బర్రెకి పెడతా" అనింది. పాలల్లోకి వచ్చాది మా అన్యా. నా మొహం కాసేపు చూసి, "మీ చదువులకి ఏదీ మిగల్నీరు" అని తిట్టుకుంటా పెరట్లో గుంత తవ్వి పూడ్చింది.