అప్పు మధ్యలో మతం

"అప్పు గొడవలో మతం ఎందుకొచ్చింది నాన్నా?" మా అమ్మాయి వీడియో ఆపేసి అడిగింది. షేక్‌స్పియర్ నాటకం 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో కోర్టు సీను. అప్పిచ్చిన యూదుడు షైలాక్ క్రైస్తవుడిగా మారాలని అప్పు తీసుకున్న వర్తకుడు ఆంటోనియో షరతు పెడతాడు, వెనిస్ పాలకుడు డ్యూక్ సరేనంటాడు. దాన్ని దయ అంటారు అక్కడ!

షేక్‌స్పియర్ ఇది రాసేనాటికి ఇంగ్లండ్ యూదుల్ని 1290లో వెళ్లగొట్టి మూడొందల ఏళ్లు దాటింది. ఆ ప్రేక్షకుల్లో చాలామందికి యూదుడంటే స్టేజీ మీద విలనే.

నాకైతే రోడ్రిగో లోపెజ్ గుర్తొచ్చాడు. ఎలిజబెత్ రాణి వైద్యుడు, యూదు సంతతి పోర్చుగీసు మనిషి, బతికింది క్రైస్తవుడిగానే. రాణికి విషం పెట్టబోయాడని 1594లో లండన్‌లో మరణశిక్షలు వేసే చోటు టైబర్న్‌లో చంపేశారు. యేసును ప్రేమించినంతగా రాణినీ ప్రేమించానన్నాడట చివర్లో. జనం నవ్వారట. ఆ నవ్వు తలచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది. ఆ ఏడాదే, యూదుణ్ణి విలన్‌గా చూపే మార్లో నాటకం 'జ్యూ ఆఫ్ మాల్టా' మళ్లీ జోరుగా ఆడింది.

మతం మారినవాణ్ణీ నమ్మని ఊళ్లో, మారమనడం దయ ఎలా అవుతుంది?

"యూదుడికి కళ్లు లేవా" అన్న షైలాక్ మాటలు నాకూ ప్రాణం. కానీ ఆ మాటలు చూపించి నాటకాన్ని వెనకేసుకు రాలేను. చివరి అంకంలో షైలాక్ కనిపించనే కనిపించడు. వెన్నెల, సంగీతం, ఉంగరాల సరసాలు. అతని గురించి ఒక్కరూ బాధపడరు.