తాతా గ్వీనెస్ ఊరికి వెళ్లొచ్చాను

క్యూబా రాజధాని హవానాలో దిగిన మూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి లేచి, చీకట్లోనే నడుచుకుంటూ శాన్ మిగెల్ వీధికి వెళ్లాను. 410 నంబరు బిల్డింగ్‌కి ఎదురుగా ఒక ఇంటి మెట్ల మీద కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఆ వేళకే ఎందుకంటే, 1957లో కచావో (అసలు పేరు ఇస్రాయెల్ లోపెస్, డబుల్ బేస్ అనే పెద్ద తీగవాద్యం వాయించేవాడు) తన స్నేహితుల్ని పోగుచేసి ఈ బిల్డింగ్‌లోనే దెస్కార్గాల రికార్డు చేశాడు. వాళ్లందరూ రాత్రంతా క్యాబరేల్లో, డ్యాన్స్ హాళ్లలో వాయించి, పని అయ్యాక తెల్లవారుజామున ఇక్కడికొచ్చారు. దెస్కార్గా అంటే స్పానిష్‌లో బరువు దించుకోవడం, సంగీతంలో అయితే అప్పటికప్పుడు అల్లుకుంటూ కలిసి వాయించడం. రాత్రంతా జనం కోసం వాయించినవాళ్లు, ఇక తమ కోసం వాయించుకున్నారన్నమాట. అప్పుడది పనార్ట్ అనే రికార్డుల కంపెనీ స్టూడియో, 1959 విప్లవం తర్వాత ప్రభుత్వం చేతికొచ్చింది. 1996లో ప్రపంచమంతా పేరుపడ్డ బ్యునా విస్తా సోషల్ క్లబ్ బృందం రికార్డు తయారైంది కూడా ఇక్కడే, కానీ నేను దానికోసం రాలేదు.

నేనొచ్చింది ఆ దెస్కార్గాల్లో కాంగా (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ము) వాయించిన మనిషి కోసం. తాతా గ్వీనెస్. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి టాటా అని చదువుతాం గానీ క్యూబావాళ్లు స్పష్టంగా తాతా అనే పలుకుతారు. ఆఫ్రికాలో కాంగో ప్రాంతం నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల భాషలో ఆ మాటకి నాన్న అని అర్థం. గ్వీనెస్ ఆయన ఊరు. అసలు పేరు ఫెదెరికో అరిస్తీదెస్ సోతో అలేహో, 1930లో పుట్టాడు.

చిన్నప్పుడు విజయవాడలో ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం టొరంటోలో, అక్కణ్ణుంచి హవానాకి విమానంలో మూడున్నర గంటలే. మృదంగం నేర్చుకున్నవాళ్లకి పక్కవాద్యం అన్న మాట ఎంత బరువైందో తెలుసు. కచేరీ పాడేవాళ్ల పేరు మీద ఉంటుంది, మన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కానీ ఆ రెండున్నర గంటలూ నడిపేది మన చేతులే. తాతా గ్వీనెస్ జీవితమంతా దాదాపు అలాగే ఇతరుల రికార్డుల్లో దాగి ఉంది, అందుకే ఆయనంటే నాకింత ఇష్టం. ఆ దెస్కార్గాలు ఒక్కొక్కటి ఇంచుమించు మూడు నిమిషాలే. ట్రంపెట్‌కో, ఫ్లూట్‌కో, ట్రాంబోన్‌కో ఒక్కోదానికి ఒక్కో పాట. వినేవాళ్లందరూ వాటి వెంట వెళ్లిపోతారు. మీరు ఒక్కసారి వాటిని వదిలేసి కింద కాంగాని పట్టుకోండి. ఎడమ చెయ్యి అరచేతి మడమ, వేళ్ల కొసలు, మళ్లీ మడమ, మళ్లీ వేళ్లు అని తక్కెడలా ఊగుతూనే ఉంటుంది, కుడిచెయ్యి మధ్యలో ఒక చరుపు, చివర్లో రెండు తెరిచిన దెబ్బలు వేస్తుంది. దీన్ని తుంబావో అంటారు. వినడానికి సులువు, పాటంతా సడలకుండా పట్టడం చాలా కష్టం. 'ఆ గోసార్ తింబేరో' అన్న పాటలో మాత్రం డ్రమ్ములకి ముందు వరస దొరికింది, అది విన్నప్పుడు నాకు కచేరీలో మృదంగానికి ఒంటరిగా దొరికే తని ఆవర్తనం గుర్తొస్తుంది.

ఆరున్నరకి వీధిలో జనం మొదలయ్యారు. స్టూడియో తలుపు తెరిచే దాకా ఆగలేదు, ఆ రికార్డు పూర్తిగా రెండుసార్లు విని లేచాను.

మర్నాడు గ్వీనెస్‌కి బయల్దేరాను. హవానాకి ఆగ్నేయంగా సుమారు 50 కిలోమీటర్లు, పాత అమెరికన్ కారులో షేర్ టాక్సీ. దారంతా ఎర్రమట్టి నేల, చెరుకు, కూరగాయల తోటలు. ఈ ఊరికి 1838లోనే రైలొచ్చింది, చక్కెర మొయ్యడానికి. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు కంటే 15 ఏళ్లు ముందు, వీళ్లని ఏలుతున్న స్పెయిన్‌లో కంటే కూడా పదేళ్లు ముందు! చక్కెర ఉన్నచోట బానిసలు, బానిసలు ఉన్నచోట డప్పులు. సోన్ అనే క్యూబా నాట్య సంగీతం వాయించే బృందాల్లోకి కాంగాని తెచ్చినవాడిగా చెప్పుకునే అంధ సంగీతకారుడు అర్సేనియో రొద్రిగెస్ పెరిగింది కూడా గ్వీనెస్‌లోనే. ఒక చిన్న ఊరికి ఇది చిన్న సంగతి కాదు.

ఊళ్లో తాతా పేరు చెబితే చాలు, అడిగిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెప్పారు. పేద కుటుంబం, చిన్నప్పుడు పాల డబ్బాలు, సాసేజ్ డబ్బాలతో డ్రమ్ములు చేసుకుని వాయించేవాడు. 1940ల చివర్లో హవానా చేరాడు. 1950ల్లో ఫ్లూట్ విద్వాంసుడు ఫహార్దో బృందంలో వాయించాడు, న్యూయార్క్ దాకా వెళ్లాడు, అక్కడ పెద్ద హోటళ్లలో చప్పట్లూ చూశాడు, నల్లవాళ్లని దూరంగా పెట్టడమూ చూశాడు. 1959లో విప్లవం గెలవగానే తిరిగొచ్చేశాడు, మళ్లీ క్యూబా వదిలి స్థిరపడలేదు. కచావో మాత్రం 1962లో దేశం వదిలి వెళ్లాడు. ఒకే తెల్లవారుజామున పక్కపక్కన నిలబడి వాయించిన ఇద్దరి దారులు అలా విడిపోయాయి. తాతా 1964లో సొంత బృందం పెట్టుకున్నాడు, 1979లో ఎస్త్రెయాస్ దె అరేయితో అనే పెద్ద కళాకారుల బృందం రికార్డుల్లో ఉన్నాడు. నాకు మాత్రం ఆయన రికార్డుల్లో అన్నిటికంటే దగ్గరిది 1990ల నాటి 'పాసపోర్తే'. తనకంటే 31 ఏళ్లు చిన్నవాడు, కాంగాల మీద రాగాలు పలికించిన అంగా దియాస్‌తో కలిసి చేసింది. అందులో పెద్దాయన ఎక్కడా కుర్రవాణ్ణి తొక్కెయ్యడు, చోటిచ్చి, వినీ, అప్పుడు జవాబు చెబుతాడు. అంగా 2006లో 45 ఏళ్లకే పోయాడు. అదే ఏడు తాతాకి జాతీయ సంగీత పురస్కారం వచ్చింది. 2008 ఫిబ్రవరిలో ఆయనా పోయాడు.

ఒక మెకానిక్ షెడ్డు పక్క ఇంట్లో పిల్లలకి కాంగా నేర్పే పెద్దాయన ఉన్నాడని ఎవరో తీసుకెళ్లారు. అప్పుడే కరెంటు పోయింది, ఇప్పుడక్కడ గంటల తరబడి పోతోంది. చీకటి గదిలో నలుగురు పిల్లలు, రెండు పాత కాంగాలు. నాకొచ్చిన కాస్త స్పానిష్‌తో మృదంగం సంగతి చెప్పి, తొడ మీద ఆదితాళంలో ఒక తీర్మానం (ముగింపుకి వేసే జతి) వాయించి చూపించాను. ఆయన శ్రద్ధగా విని, దాని మీద క్యూబా సంగీతానికి ఆధారమైన ఐదు దెబ్బల లయ, క్లావే, చప్పట్లతో వేసుకుని, ఎక్కడ కలుస్తుందో ఎక్కడ కలవదో తలూపుతూ చూసుకున్నాడు.

గోళ్ల గురించి అడిగాను. తాతా గోళ్లతో వాయించేవాడు, రికార్డుల్లో హఠాత్తుగా చర్మం మీద వాన చినుకులు పడ్డట్టు వినిపించేది అదే, నేను ఏళ్లుగా అది ఎలా వస్తుందో తెలియక వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. పెద్దాయన ఏమీ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని, వేళ్లు కొద్దిగా ముడిచి, గోళ్లు చర్మం అంచుకి దగ్గరగా ఆనించి, మణికట్టు వదులు చెయ్యమని సైగ చేశాడు. మొదట గీరిన చప్పుడే వచ్చింది. చాలాసేపు ప్రయత్నించాను, పిల్లలు విసుక్కోకుండా క్లావే వేస్తూనే ఉన్నారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ చినుకుల చప్పుడు వచ్చింది, పెద్దాయన "ఎసో" అన్నాడు, అదే, అని. మళ్లీ రాలేదు. కారు వెళ్లిపోతుందని బయట నుంచి పిలిచే దాకా ఆ చీకట్లో వాయిస్తూనే ఉన్నాను.