డ్రైవ్‌వే కన్నా ముందు కెర్బ్

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది ముందుగా ఆలోచించేది ఇంటి ముందున్న చిన్న తోట తీసేసి కారుకి చోటు చేయడం గురించే. మేమూ అదే చేశాం. కాకపోతే తోటలో పార పెట్టకముందే, పేవ్‌మెంట్ అంచు రాళ్లు, అంటే కెర్బ్, కారు ఎక్కేలా కిందికి దింపడానికి కౌన్సిల్ అనుమతి తీసుకున్నాం. ఈ వరసే సరైనదని నా గట్టి నమ్మకం. పేవింగ్‌కి రేటు చెప్పడానికి వచ్చినవాళ్లలో ఒకతను, "ముందు బ్లాకులు వేయించేయండి, డ్రాప్డ్ కెర్బ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఈ వీధిలో అందరూ కారు పేవ్‌మెంట్ మీదికి ఎక్కించేస్తూనే ఉన్నారుగా" అన్నాడు. అతనికి పని ఇవ్వలేదు.

మన ఇంటి హద్దుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పేవ్‌మెంట్ నడిచేవాళ్లది. దాని మీద బండి నడపడం నేరమని 1835 నాటి హైవే చట్టమే చెబుతోంది. 1980 హైవేస్ చట్టం 184వ సెక్షన్ ప్రకారమైతే, రోజూ అలా కారు ఎక్కించి దించే ఇంటికి కౌన్సిల్ నోటీసిచ్చి, కారు పేవ్‌మెంట్ దాటే దారి, అంటే క్రాసింగ్, తానే కట్టించి, ఆ ఖర్చు వసూలు చేయవచ్చు. ఇది కాగితాల గొడవ మాత్రమే కాదు. మనుషులు నడవడానికి పరిచిన పలకలు కారు బరువుకి పగులుతాయి. వాటి కింద గ్యాస్, నీళ్ల పైపులు, కరెంటు కేబుళ్లు ఉంటాయి. మా వీధిలోనే అలా పగిలిన చోట, మొబిలిటీ స్కూటర్ (నడవలేనివాళ్లు వాడే చిన్న బ్యాటరీ బండి) మీద వెళ్లే ఒక పెద్దాయన ప్రతిసారీ ముందే రోడ్డు మీదికి దిగి చుట్టూ తిరిగి వెళ్లేవారు. అది చూశాక అనుమతి లేకుండా చేయించాలని మాకు అనిపించలేదు.

మా అవసరం అమ్మ కోసం. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి వస్తోంది. సాయంత్రమైతే వీధిలో కారు పెట్టే చోటు దొరకదు, ఎక్కడో మలుపు అవతల పెట్టి నడవాలి. చలికాలంలో ఆమెని అలా నడిపించాలంటే నాకు టెన్షన్.

అప్లికేషన్‌లో అసలు చిక్కంతా కొలత దగ్గరే. పేవ్‌మెంట్ నుంచి ఇంటి దాకా 4.8 మీటర్లు ఉండాలని మా కౌన్సిల్ అంది. కారు మొత్తం లోపల పట్టాలి, దాని వెనక భాగం పేవ్‌మెంట్ మీదికి రాకూడదు. టేపు పట్టి గోడ దాకా కొలిస్తే సుఖంగా సరిపోయింది. కానీ గోడ దాకా కొలిస్తే ఒప్పుకోరు. మాది బే విండో ఉన్న ఇల్లు. ఆ కిటికీ ముందుకు పొడుచుకొచ్చిన చోటి నుంచి కొలవాలి. అలా చూసినా 5.1 మీటర్లు వచ్చింది. బే విండో ఉన్న ఇల్లు కొనబోయేవాళ్లు, ముందు కారు పెట్టుకుందామనుకుంటే, ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే టేపు జేబులో వేసుకెళ్లండి. మాది ఏ, బీ, సీ అని తరగతి ఇచ్చిన క్లాసిఫైడ్ రోడ్డు కాదు కాబట్టి ప్లానింగ్ పర్మిషన్ విడిగా అక్కర్లేకపోయింది. ఇల్లు అలాంటి రోడ్డు మీద ఉన్నా, ఫ్లాట్ అయినా అదీ కావాలి.

తర్వాత కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసింది. మేమనుకున్న చోట, సరిగ్గా చక్రం వెళ్లే దారిలో, టెలిఫోన్ కేబుళ్ల చాంబర్ మూత ఉంది. దాన్ని బండ్ల బరువు మోసేలా మార్పించాలంటే ఆ ఖర్చు మాదే. ఆమె కాసేపు అటూ ఇటూ నడిచి, క్రాసింగ్‌ని ఒక రాయి ఎడమకి జరిపితే మూత తప్పిపోతుందని చెప్పి, పెయింట్‌తో నేల మీద గుర్తు పెట్టింది. రాయి అంటే 914 మిల్లీమీటర్లు, పాత లెక్కలో మూడు అడుగులు. బ్లాకులు ముందే వేయించేసి ఉంటే ఇలా జరిపే వీలు ఎక్కడిది? వరస ముఖ్యమని నేననేది ఇందుకే.

పని కౌన్సిల్ ఆమోదించిన కాంట్రాక్టరే చేయాలి. నాలుగు రాళ్లు కిందికి దించి, రెండు పక్కలా ఏటవాలు రాయి ఒక్కొక్కటి పెట్టారు. పాత పలకలు తీసి, కంకర పోసి దిమ్మిస కొట్టి, పైన తారు వేశారు. దించిన రాయి రోడ్డుకి పూర్తిగా సమంగా ఉండదు, 25 మిల్లీమీటర్లు పైకి ఉంచుతారు. వాన నీరు రోడ్డు అంచు కాలువలోనే పారాలి, పేవ్‌మెంట్ ఎక్కకూడదని. వాలు కూడా పేవ్‌మెంట్ మొత్తానికి ఇవ్వలేదు. రోడ్డు వైపే వంచి, ఇళ్ల వైపు నడిచే దారి చదునుగా వదిలారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఆ పెద్దాయన స్కూటర్ ఇప్పుడు మా ఇంటి ముందు ఒక పక్కకి ఒరగకుండా వెళ్తుంది.

ఆ తర్వాతే తోట సంగతి. 2007 వరదల తర్వాత ఇంగ్లండ్‌లో రూల్ మారింది. 2008 అక్టోబరు నుంచి, ఇంటి ముందు 5 చదరపు మీటర్లు దాటి నీరింకని నేల వేస్తే, ఆ నీరు మన స్థలంలోనే మట్టిలోకి పోయే ఏర్పాటు ఉండాలి, లేదా ప్లానింగ్ పర్మిషన్ తీసుకోవాలి. మేము నీరింకే బ్లాకులు వేయించి, కిటికీ కింద గులాబీలు అలాగే ఉంచాం.

డబ్బు కట్టింది మేమైనా ఆ క్రాసింగ్ మాది కాదు, ఇప్పటికీ పబ్లిక్ హైవేనే. కానీ దానికి అడ్డంగా ఎవరైనా కారు పెడితే, 2004 ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం కింద కౌన్సిల్ జరిమానా వేయవచ్చు. ఇంటివాళ్లు ఒప్పుకుంటే మాత్రం పెట్టుకోవచ్చు, రెండిళ్లకీ ఉమ్మడి డ్రైవ్‌వే అయితే ఆ మినహాయింపు లేదు. మా క్రాసింగ్ వల్ల వీధిలో ఒక పార్కింగ్ చోటు తగ్గింది కాబట్టి, మేము పగలు ఆఫీసులో ఉన్నప్పుడు అక్కడ పెట్టుకోమని ఎదురింటివాళ్లకి చెప్పాం. ఇక్కడ కారు పెట్టొద్దని క్రాసింగ్ ముందు రోడ్డు మీద తెల్లగీత గీయించడానికి కౌన్సిల్ వేరే ఫీజు అడిగింది. ఆ గీత హెచ్చరిక మాత్రమే, దానికంటూ జరిమానా లేదు, అందుకని వద్దన్నాం.