బెర్న్‌లో మంత్రులను ఎన్నుకున్న పూట

స్విట్జర్లాండ్‌లో చూసిన మంచుకొండల గురించి రాయాలని నాకు లేదు. వాటి గురించి రాసినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు. 2023 డిసెంబరు 13న బెర్న్‌లో గడిపిన ఒక పూట మాత్రం నన్ను ఇంకా వదలడం లేదు.

జ్యూరిక్ నుంచి రైలు గంటలోపే చేరుస్తుంది గానీ రాయితీ కార్డు లేకపోతే టికెట్టు 50 ఫ్రాంకులు దాటుతుంది. పార్లమెంటు భవనానికి దగ్గరలోని ఒక కాఫీ హోటల్లో కూర్చుంటే కప్పు కాఫీకి 450 రూపాయలకు పైనే అయింది. అయినా లేవబుద్ధి కాలేదు, ఎందుకంటే అక్కడి టీవీలో మంత్రుల ఎన్నిక ప్రత్యక్షంగా వస్తోంది.

దిగువ సభలోని 200 మంది, ఎగువ సభలోని 46 మంది ఒకే చోట కూర్చుని, దేశాన్ని నడిపే ఏడుగురిని ఒక్కొక్కరినే రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. ఒక స్థానానికి చీటీలు పంచి, సేకరించి, లెక్కపెట్టి, ఫలితం చదివాకే తర్వాతి స్థానానికి వెళతారు. సగానికి మించి ఓట్లు ఎవరికీ రాకపోతే మళ్లీ మొదలు. మన దగ్గర ప్రమాణస్వీకారానికి ముందు రాత్రి ముఖ్యమంత్రి ఇంటి నుంచి ఫోను వచ్చిందా లేదా అని ఎమ్మెల్యేల అనుచరులు పడిగాపులు పడటం చూస్తూ పెరిగిన నాకు, మంత్రి పదవి ఏ నాయకుడి దయా కాకుండా ప్రత్యర్థి పార్టీల ఓట్లతో కూడా రావడం ఎంతో గౌరవప్రదంగా అనిపించింది.

నా బల్ల దగ్గరే కూర్చున్న ఒక పెద్దావిడ ఓపికగా ఇంగ్లీషులో వివరించారు. మధ్యలో కొన్నేళ్లు తప్ప, నాలుగు పెద్ద పార్టీలు 1959 నుంచి ఈ ఏడు స్థానాలను పంచుకుంటున్నాయి. ఒకసారి ఎన్నికైతే నాలుగేళ్ల దాకా పార్లమెంటు కూడా దించలేదు. అయితే గడువు ముగిశాక మళ్లీ గెలుస్తారన్న హామీ లేదు. 2007లో అప్పటి మంత్రి క్రిస్టోఫ్ బ్లోకర్‌ను కాదని ఆయన పార్టీకే చెందిన ఎవెలిన్ విడ్మర్-ష్లుంఫ్‌ను ఎన్నుకున్న ఉదయాన్ని ఆవిడ నిన్న జరిగినట్టే చెప్పారు.

ఆ రోజు పాత మంత్రులు ఆరుగురూ నిలబడ్డారు. వారిలో ఒకరైన ఇగ్నాజియో కాసిస్ స్థానానికి గ్రీన్ పార్టీ సభ్యుడు పోటీపడినా ఫలితం మారలేదు. ఉత్కంఠంతా అలెన్ బెర్సే ఖాళీ చేస్తున్న చివరి స్థానం దగ్గరే. ఆయన పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్లు ఇద్దరి పేర్లే ప్రతిపాదించినా, ఆ జాబితాలో లేని వారి సభ్యుడు డానియల్ యోసిచ్‌కు కూడా ఓట్లు పడుతూనే ఉన్నాయి. చీటీ మీద ఏ పేరు రాయాలో పార్టీ శాసించలేదు. చివరికి మూడో విడతలో, పార్టీ ప్రతిపాదించిన ఇద్దరిలో ఒకరైన బీట్ యాన్స్ గెలిచారు. ఆయన ఊరు బాజెల్ నగరానికి కేంద్ర మంత్రి లేక యాభై ఏళ్లయిందట.

ఎన్నికల్లో ఎవరు గెలిచినా అవే నాలుగు పార్టీలు పాలిస్తే ఓటరుకు మిగిలేదేమిటని ఆవిడను అడిగాను. నాకు అది నిజంగానే పెద్ద లోపంగా తోచింది. జవాబుగా, మార్చిలో జరగబోయే ప్రజాభిప్రాయ సేకరణ గురించి ఆవిడ చెప్పారు: వృద్ధాప్య పింఛనుకు ఏటా పదమూడో నెల చెల్లింపు కలపాలా వద్దా అన్నది ప్రశ్న. ప్రభుత్వం వద్దంటోంది, తాను మాత్రం అవునని రాస్తానన్నారు.

2024 మార్చి 3న ఆ ప్రతిపాదన నెగ్గింది.