చిన్న కేర్ హోమ్‌లో పని, రిజిస్టరుకెక్కని సంగతులు

ఉండేది పట్టుమని పదిమందే కనుక పెద్దవయసువారిని చూసుకునే చిన్న కేర్ హోమ్‌లో పని తేలికగా ఉంటుందని బయటివారు అనుకుంటారు. పెద్ద సంస్థల్లో వంటకు, బట్టలకు, మందులకు వేర్వేరుగా మనుషులుంటారు. మా వంటి చోట పొద్దున స్నానం చేయించినవారే మధ్యాహ్నం తినిపించాలి, రాత్రి మాత్రలూ చూసుకోవాలి. ఒక్కరు సెలవు పెట్టినా, లేవలేని మనిషిని మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చడానికి రెండో మనిషి ఉండరు; ఒంటరిగా ఎత్తబోతే ఆ మనిషికీ ప్రమాదమే, మన నడుముకూ ప్రమాదమే.

అయినా నేను చిన్న చోటునే ఇష్టపడతాను, ఎందుకంటే ఇక్కడ ఒక్కొక్కరి తీరు మనకు పూర్తిగా తెలిసిపోతుంది. నిన్నటి వరకు స్పష్టంగా మాట్లాడిన పెద్దాయన ఉన్నట్టుండి తికమకపడితే, కొత్తవారు వయసు ప్రభావమని సరిపెట్టుకుంటారు. ఆయనను రోజూ చూసేవారు మాత్రం మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, నీళ్ళు సరిగా తాగలేదేమో, మలబద్ధకమేమో అని ఆలోచించి డాక్టరుకు కబురు చేస్తారు. మతిమరుపు జబ్బు అలా ఒక్క రాత్రిలో ముదరడం అరుదు.

మంచం పట్టిన వారిని రాత్రిపూట పక్క మార్చి పడుకోబెట్టే పనిని చాలామంది బరువు పనిగానే చూస్తారు. సాధారణంగా రెండు గంటలకొకసారి చేసే ఆ పనిలో అసలు సంగతి చర్మాన్ని పరిశీలించడం. మడమ మీదనో, నడుము కింది ఎముక దగ్గరనో ఎర్రబడిన చోటును వేలితో నొక్కి వదిలినప్పుడు అది తెల్లబడకపోతే, ఒకే వైపు ఒత్తిడి పడి వచ్చే పుండు మొదలవుతున్నట్టే లెక్క. నల్లని చర్మం మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి, చేత్తో తడిమి, చుట్టుపక్కల కంటే అక్కడ వేడిగానో గట్టిగానో ఉందా అని పోల్చి చూడాలి. నిద్రమత్తులో, మసక వెలుతురులో ఇది చేయడానికి ఓపికతో పాటు అలవాటైన చేయి కావాలి.

చిక్కంతా ఈ ఎరుక రిజిస్టరులోకి ఎక్కకపోవడంలోనే ఉంది. "భోజనం చేశారు" అని రాస్తాము. ఒక పెద్దావిడ చెంచా తన చేతికే ఇస్తే తప్ప నోరు తెరవరనీ, నిటారుగా కూర్చోబెట్టకపోతే పొలమారుతుందనీ, తిన్నాక అరగంట వరకు పడుకోబెట్టకూడదనీ ఆ గడిలో పట్టదు. జీతం చాలక ఒకరు మానేస్తే ఈ వివరాలన్నీ వారితోనే వెళ్ళిపోతాయి, తరువాత వచ్చినవారు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆలోపు ఇబ్బంది పడేది నోరు విప్పి చెప్పలేని ఆ పెద్దవారే. (యాజమాన్యాలు గోడల రంగుల మీద పెట్టే శ్రద్ధ ఈ విషయం మీద పెట్టడం నేను చూడలేదు.)

అందుకే షిఫ్టు మారేటప్పుడు వెళ్ళేవారూ వచ్చేవారూ కలిసి ప్రతి మంచం దగ్గరా ఆగి మాట్లాడుకోవడానికి అరగంట కేటాయించాలనీ, ఆ అరగంటకు ఇద్దరికీ జీతం ఇవ్వాలనీ నేను అడుగుతూనే ఉన్నాను.